బెల్లం తిన్న ఇనుము

గరాజ్ తలుపు సగం లేచేసరికే వాసన బయటికి వచ్చేస్తుంది. పులిసిన బెల్లం, తడిసిన తుప్పు, రెండూ కలిసి టెక్సస్ ఎండకి ఉడికితే వచ్చే వాసన. ఫ్రిస్కోలో మా వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు మా ఇంటి ముందు ఒక్క క్షణం ఆగి, ముక్కు ఎగబీల్చి, మర్యాదకి ఏమీ అనకుండా వెళ్ళిపోతారు. పాతవాళ్ళు ఆగడం కూడా మానేశారు. ఈ ఉదయం డ్రమ్ము మూత తీసి చూస్తే పైన గోధుమరంగు నురగ గట్టిపడి ఉంది. ఇరవై ఒకటో రోజు. వెదురు కలం ముంచి, తాడు మీద ఆరేసిన గుడ్డ ముక్క ఒకటి తీసుకుని దాని మీద గీత లాగాను. లాగినప్పుడు పలచటి టీ రంగులో ఉంది. చూస్తుండగానే ముదిరి బూడిదరంగుకి వచ్చింది, అక్కణ్ణుంచి కాటుక నలుపుకి. పన్నెండేళ్ళుగా ఇదే చూస్తున్నాను. అయినా ఆ కాసేపూ నాకు ఊపిరి ఆడదు. గీత పక్కలకి పాకుతుందా, గీసినచోటే నిలుస్తుందా అని.

నిలిచింది. “నిలిచింది ఆంటీ, చూశారా?” అని పైకే అనేశాను. గరాజ్‌లో నేను తప్ప ఎవరూ లేరు.

నాగమణి గారిని మీరు చూసి ఉండరు. ఐదడుగులు కూడా లేని మనిషి, నలభై అడుగుల పసుపు బస్సు నడిపేది. శ్రీకాళహస్తిలో బట్ట మీద కలంతో బొమ్మలు వేసే ఇంట్లో పుట్టి, పెళ్ళయి టెక్సస్ వచ్చి, భర్త పోయాక కూడా ఇక్కడే ఉండిపోయి, ఇరవై రెండేళ్ళు స్కూలు బస్సు తోలింది. రిటైరయ్యాక పుట్టింటి విద్య బయటికి తీసి ఈ నేల చరిత్రని తిరగరాసింది. పెద్ద మాట వాడుతున్నానని మీకనిపిస్తే కాస్త ఓపిక పట్టండి. ఆ తిరగరాతలో నా చెయ్యి కూడా కొంత ఉంది. అందులో ముప్పాతిక వంతు నా తప్పే.

ఆవిడని మొదట చూసింది ఇండియన్ స్టోర్‌లో, బెల్లం అర దగ్గర. నేను అమెరికా వచ్చి అప్పటికి రెండేళ్ళు. భర్త వీసా మీద వచ్చిన భార్యని, ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. అంతకుముందు ఒంగోలు దగ్గర ఒక డెయిరీలో ఏడేళ్ళు ల్యాబ్‌లో పనిచేశాను. ఊళ్ళ నుంచి వచ్చే పాలలో వెన్న ఎంతుందో తేల్చడం నా పని. నా సంతకం పడితే తప్ప ట్యాంకరు గేటు దాటేది కాదు. అలాంటిదాన్ని ఇక్కడికొచ్చి రోజుకి రెండుసార్లు స్టవ్ తుడుస్తూ ఉండేదాన్ని, మురికి ఉన్నా లేకపోయినా. మా ఆయన శ్రీధర్ సాయంత్రం వచ్చి “ఏం చేశావు ఇవాళ?” అని ప్రేమగానే అడిగేవాడు. ఆ ప్రశ్నకి భయపడి ఐదింటికల్లా ఏదో ఒకటి వండి పెట్టుకునేదాన్ని, చెప్పడానికి ఉంటుందని.

ఆ రోజు స్టోర్‌లో ఒక పొట్టి ఆవిడ కార్ట్ నిండా బెల్లం అచ్చులు పేరుస్తోంది. ఊరుకోలేక “ఇంట్లో పెళ్ళా ఆంటీ?” అని అడిగాను.

“కాదు మే. ఇనుముకి,” అంది తలెత్తకుండానే.

“ఇనుముకా?”

“దానికి బెల్లం పెడితే గానీ నోరు తెరవదు. నీకిప్పుడు పనేమన్నా ఉండాదా?”

లేదని ఒప్పుకోవడానికి సిగ్గేసి, “ఉంది గానీ…” అని నసిగాను. ఆవిడ నా కార్ట్ వైపు చూసింది. అందులో ఒక కొత్తిమీర కట్ట ఉంది, అంతే. “అయితే ఈ మూట పట్టుకో,” అని ముందుకు నడిచింది. కార్ దాకా పట్టుకున్నాను. తర్వాత ఇంటి దాకా. ఆ సాయంత్రం శ్రీధర్ అడిగినప్పుడు చెప్పడానికి నా దగ్గర గంటసేపు సరిపడా కబుర్లున్నాయి.

ఆవిడ గరాజ్‌లో కారు లేదు. గోడ పొడవునా పాత ముళ్ళతీగ చుట్టలు, గుర్రపు నాడాలు, విరిగిన బండి చక్రం పట్టాలు, అన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. బస్సు నడిపే రోజుల్లో రోడ్ల పక్క కాలవల్లో దొరికినవన్నీ ఏరుకొచ్చిందట. మొదటి ట్రిప్పు అయ్యాక రెండో ట్రిప్పుకి మధ్య నలభై నిమిషాల ఖాళీ ఉండేదనీ, మిగతా డ్రైవర్లు కాఫీకి పోతే తను కంచెల వెంట నడిచేదాన్ననీ చెప్పింది. “నా స్టాపుల పేర్లు చూడు మే. ఫలానా రాంచ్, ఫలానా ట్రెయిల్, ఫలానా క్రాసింగ్. ఆ పశువుల రాంచ్ లేదు, ఆ మందల ట్రెయిల్ లేదు. పేరు మాత్రం బోర్డు మీద ఉండాది. ఎవురిదీ దారి, ఎవురు నడిచినారు అని అడిగితే ఎవురికీ తెల్దు. నాకేమో పొద్దున మాపున అదే దారి.” అందుకని లైబ్రరీకి వెళ్ళి చదివింది. చదివిన కొద్దీ ఆవిడకి కోపం వచ్చింది. ఏ పుస్తకం తెరిచినా ఒకటే బొమ్మ, గుర్రం మీద టోపీ పెట్టుకున్న ఒక్క మగవాడు, వెనక సూర్యాస్తమయం. వేల పశువుల్ని నెలల తరబడి ఉత్తరానికి తోలుకుపోయిన దారిలో వంట ఎవరు చేశారు, నీళ్ళు ఎవరు మోశారు, ఆ నేల మీద అంతకుముందు కాపురం ఉన్నవాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఏమనుకున్నారు, ఇవేవీ ఆ బొమ్మలో లేవు.

ముళ్ళతీగ ఎందుకో కూడా ఆ రోజే చెప్పింది. ఈ తీగ వచ్చాకే కంచెలు లేచి, మందలు నడిచే దారి మూసుకుపోయిందట. “దారి మూసింది ఇదే. కాబట్టి నడిచినోళ్ళ బొమ్మలు దీంతోనే వెయ్యాల,” అంది. కాళహస్తిలో నల్లరంగు ఇనుముతోనే చేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం, నీళ్ళు మూడు వారాలు పులియబెట్టాలి. కరక్కాయ రసంలో ముంచి ఆరేసిన బట్ట మీద ఆ నీళ్ళు తగిలితే నలుపు పుడుతుంది. ఆవిడ తాతలు ఆ నలుపుతో రాముణ్ణీ కృష్ణుణ్ణీ గీశారు. ఈవిడ వంటవాణ్ణి గీస్తానంటోంది.

ఆ వాసనకి ఇళ్ళ సంఘం వాళ్ళు ఉత్తరాల మీద ఉత్తరాలు పంపేవారు. ఆవిడ వాటిని వెనక్కి తిప్పి బొమ్మల కొలతలు రాసుకునేది. నేను రోజూ వెళ్ళడం మొదలుపెట్టాను. ఇక్కడి తుమ్మలాంటి మెస్కీట్ చెట్టు పుల్లలు కాల్చి బొగ్గు చెయ్యడం, కరక్కాయలు దంచడం, కలం మొనకి ఉన్ని చుట్టి దారం కట్టడం, ఒక్కొక్కటీ నేర్పింది. నేర్పేటప్పుడు మెచ్చుకోవడం ఆవిడకి తెలియదు. పని బాగుంటే ఏమీ అనేది కాదు. బాగోకపోతే “ఇదేంది మే, బస్సు కింద పడినట్ల?” అనేది. నాకు మాత్రం రెండేళ్ళ తర్వాత మొదటిసారి ఎవరో నా పనిని చూసి తప్పు పట్టారని లోపల సంతోషంగా ఉండేది.

ఒక సంగతి మాత్రం ఆవిడ దాచేది. గీతలు పాకేవి. వెంట్రుక మందాన గీసింది ఆరేలోపు పురికొస మందాన అయ్యేది. అందుకే బొమ్మలన్నీ పెద్దవిగా వేసేది, కళ్ళూ వేళ్ళూ ముతకగా, పాకినా తెలియకుండా. ఒకసారి అడిగాను. కలం పక్కన పెట్టింది. తర్వాత కుడిచెయ్యి తిప్పి చూపించింది. “స్టీరింగ్ పట్టి పట్టి చెయ్యి పోయింది మే. మా నాయన ముందు ఇట్లాంటి గీత గీసుంటే కలం లాక్కుని ఉండును.” అంతే, ఇంకెప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. కానీ పని మధ్యలో ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకోవడం నేను చాలాసార్లు గమనించాను.

ఆ రోజుల్లోనే పక్క ఊళ్ళో, పాత మందల దారి పొడవునా వాగు పక్కన పార్కు కడుతున్నారు. అందులో ఈ నేల తొలినాళ్ళ కథ చెప్పే పెద్ద కళాఖండం ఒకటి పెడతారని తెలిసి ఆవిడ దరఖాస్తు పెట్టింది. చీరంత పొడవు, గది ఎత్తు ఉన్న పన్నెండు బట్టలు, దేవదారు గుంజల మధ్య, వాగు ఒడ్డు వెంట. దాన్ని ఎంపిక చేసే కమిటీ పెద్ద పేరు వాల్టర్. ఆరడుగుల మూడంగుళాల మనిషి, టోపీ తీసి చేత్తో పట్టుకుని మాట్లాడతాడు. నమూనా బొమ్మ చూడ్డానికి ఆవిడ గరాజ్‌కి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. బొమ్మ మధ్యలో, కాళహస్తి బట్టల్లో దేవుడుండే చోట, వంటబండి ముందు గరిటె పట్టుకున్న నల్లజాతి వంటమనిషి. చుట్టూ వరసలు వరసలుగా పెద్ద కళ్ళ ఆవులు. కింద ఒక ఖాళీ పట్టీ.

వాల్టర్ చాలాసేపు చూసి మర్యాదగా అడిగాడు. “అమ్మా, ఇందులో కౌబాయ్ ఏడీ?”

“ఉన్నాడు కదా, ఇక్కడ,” అని ఆవిడ ఇంగ్లిష్‌లో చెప్పి కుడి మూల చూపించింది. బొటనవేలంత మనిషి, టోపీ పెట్టుకుని, పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి ఉన్నాడు. “అన్నం కోసం వెయిట్ చేస్తున్నాడు.”

వాల్టర్‌కి నవ్వొచ్చింది, కానీ గుడ్డ సంగతి మీద మాత్రం నవ్వలేదు. టెక్సస్ గాలికి, వానకి ఆరుబయట గుడ్డ ఏం నిలుస్తుందన్నాడు. చివరికి ఒక షరతు పెట్టాడు. ఒక్క బట్ట ముందుగా నెలరోజులు వాగు ఒడ్డున వేలాడాలి. చిరిగినా, రంగు కారినా ఆ చోటు కంచు విగ్రహానిది. గుర్రం మీద టోపీవాడి విగ్రహం అప్పటికే వాళ్ళ పరిశీలనలో ఉంది. ఆయన వెళ్ళాక ఆవిడ చెయ్యి చూసుకుంది. వాన గురించి ఆవిడకి దిగుల్లేదు. పాకిన గీతల్ని అంతమంది ముందు ఎండలో నిలబెట్టడం గురించే దిగులు.

పరీక్ష బట్ట వేలాడదీయడానికి పది రోజులుందనగా ఆవిడకి నడుము పట్టేసింది. బట్టలు తయారుచేసే పని నాకప్పగించింది. కరక్కాయ రసంలో పాలు కలిపి, నాలుగు బట్టలు ముంచి, పిండి, ఆరెయ్యాలి. పాలు లేకపోతే రంగు ఒక్కచోట నిలవదు. నేను ఎంతో శ్రద్ధగా చేశాను. స్టోర్‌కి వెళ్ళి, చెయ్యి అలవాటు కొద్దీ రోజూ మా ఇంటికి కొనే డబ్బాలే ఎనిమిది తీసుకున్నాను. శ్రీధర్‌కి కొలెస్ట్రాల్ ఉందని మా ఇంట్లో వాడేది వెన్న మొత్తం తీసేసిన పాలు. పాలలో వెన్న చూడటమే బతుకుగా ఏడేళ్ళు గడిపినదాన్ని, డబ్బా మీద అక్షరాలు చూడలేదు.

రెండు రోజుల తర్వాత ఆవిడ నడుముకి బెల్టు కట్టుకుని వచ్చి, మొదటి బట్ట మీద వంటమనిషి ముఖం గీసింది. ముక్కు, కనుబొమ్మలు, గడ్డం. మేమిద్దరం చూస్తుండగా ముఖం ఉబ్బిపోయింది. కనుబొమ్మలు కళ్ళలోకి దిగాయి. గడ్డం మెడ దాకా పాకింది. ఇంకో నిమిషానికి అక్కడ మనిషి లేడు, నల్లటి మరక ఉంది.

“ఏం పాలు పోసినావు మే?” అంది మెల్లగా. నేను జవాబు చెప్పేలోపే వెళ్ళి చెత్తబుట్టలోంచి ఖాళీ డబ్బా తీసి చదివింది. “డెయిరీలో చేసినానంటివే!” ఆ ఒక్క మాటే అంది. తిట్టి ఉంటే బాగుండేది. డబ్బా మళ్ళీ బుట్టలో పడేసి, నా వైపు చూడకుండా, “ఇంటికి పో,” అంది.

మూడు రోజులు ఆవిడ ఫోన్ ఎత్తలేదు. నేను మళ్ళీ స్టవ్ తుడవడం మొదలుపెట్టాను. నాలుగో రోజు పొద్దున శ్రీధర్ కాఫీలో పాలు పోస్తూ ఉంటే ఆ పాలు ఎంత పలచగా, నీలంగా ఉన్నాయో కనిపించింది. ఒక ఆలోచన తట్టి, కప్పు చేతిలోనే ఉంచుకుని నిలబడిపోయాను. వెన్న అసలు లేకపోతే గీత ఇంత ఘోరంగా పాకింది. ఆవిడ ఎప్పుడూ వాడే ఇక్కడి మామూలు ఆవుపాలతో కొంచెం పాకుతుంది. కాళహస్తిలో పోసేది గేదెపాలు, వాటి చిక్కదనంలో ఇవి సగం కూడా ఉండవు. అంటే తప్పు ఆవిడ చేతిది కాదు!

వంటింటి గట్టు మీద ఆరు గిన్నెలు పెట్టాను. వెన్న లేని పాలు, సగం వెన్నవి, మామూలువి, మామూలు పాలలో మీగడ కలిపినవి మూడు రకాలుగా. డెయిరీలో చేసినట్టే లెక్కకట్టి, కొలిచి, అన్నిటిలోనూ కరక్కాయ రసం కలిపాను. గుడ్డ పీలికలు ముంచి, పెన్సిల్‌తో నంబర్లు వేసి ఆరేశాను. ప్రాక్టీసుకని ఆవిడ ఇచ్చిన నల్లరంగు సీసాలో కొంచెం మిగిలి ఉంది. ఒక్కో పీలిక మీద ఒక్కో గీత. మొదటిది చెదిరిపోయింది. రెండోదానికి, మూడోదానికి పాకడం కొంచెం కొంచెం తగ్గింది. ఐదో పీలిక మీద గీత గీసినట్టే నిలబడింది. సూది మొనతో గీసినట్టుంది. నేనా గట్టు ముందు ఒంటరిగా చప్పట్లు కొట్టాను.

అవి పట్టుకుని వెళితే ఆవిడ తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. ఆరు పీలికలూ వరసగా ఎత్తి పట్టుకున్నాను. ఆవిడ కళ్ళద్దాలు నెత్తి మీంచి దించుకుని చూసింది. ఐదోదాన్ని నా చేతిలోంచి లాక్కుంది. నేరుగా గరాజ్‌లోకి వెళ్ళి, కలం ముంచి, దాని మీదే ఖాళీ ఉన్నచోట ఒక ఆవు కన్ను గీసింది. కంటి చుట్టూ రెప్పల వెంట్రుకలు, ఒక్కొక్కటి విడివిడిగా. నల్లబడే దాకా ఇద్దరం వంగి చూస్తూ ఉన్నాం. ఒక్క వెంట్రుక కూడా పక్కదాన్ని తాకలేదు.

ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది. “మా నాయనమ్మ పాలలో వేలు ముంచి పైకెత్తి చూసేది మే. వేలికి పట్టుకుంటేనే పోసేది. రుచి చూస్తా ఉండాదని అనుకుంటి. నేను బొమ్మ కాడ్నించి ఎప్పుడు లేస్తిని, చూసేదానికి?” అంది. తర్వాత కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, “ఇన్నాళ్ళూ దీన్ని తిట్టినా,” అని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. నేనూ ఏడ్చాను. నాకు ఆ రోజున్నంత గర్వం డెయిరీలో ఏడేళ్ళూ కలిపినా రాలేదు.

మిగిలిన నాలుగు రోజుల్లో ఆవిడ వంటమనిషిని మళ్ళీ గీసింది. ఆ గీతలు చూడాల్సిందే. గరిటెలోంచి లేచే ఆవిరి, ఆవుల మెడల ముడతలు, మూలనున్న టోపీవాడి పళ్ళెంలో గింజలు కూడా కనిపించేవి. వాగు ఒడ్డున బట్టని పై అంచు మాత్రమే కట్టి, కింది అంచులో బరువుకి గుర్రపు నాడాలు కుట్టించింది. కింద కూడా బిగించమని వాల్టర్ అంటే, “గాలిని ఆపితే చించుకుని పోతాది. దారిస్తే పోయి వస్తా ఉంటాది. బస్సులో అద్దాలు అందుకే దించేదాన్ని,” అని నాతో చెప్పి, ఆయనకీ ఆ మాటే ఇంగ్లిష్‌లో చెప్పింది.

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం వాన వచ్చింది. వడగళ్ళతో సహా. కిటికీ దగ్గర నిలబడి నేను చేతులు నలుపుకుంటుంటే ఫోన్ మోగింది. “టీ తాగినావా?” అని అడిగింది ఆవిడ. “ఆంటీ, బట్ట!” అన్నాను. “రానీ మే. నేనీ వాన కోసమే చూస్తా ఉండా,” అంది. ఎందుకో చెప్పలేదు. చెప్పకుండా ఉండటంలో ఆవిడకి ఒక సరదా ఉండేది.

మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి వాల్టర్ ముందే వచ్చాడు. ట్రక్కులో నిచ్చెన వేసుకుని, బట్టని దించి జాగ్రత్తగా మడిచి ఇద్దామని. పాపం, ఓదార్పు మాటలు కూడా తయారుచేసుకుని ఉంటాడు. కానీ మేం వెళ్ళేసరికి నిచ్చెన గడ్డిలో పడి ఉంది, ఆయన బట్ట ముందు టోపీ తీసి నిలబడి ఉన్నాడు. కరక్కాయ పసుపు మొత్తం వానకి కడుక్కుపోయింది. నిన్నటిదాకా మాసినట్టున్న బట్ట తెల్లగా మెరుస్తోంది, దాని మీద నలుపు నిన్నటికంటే నల్లగా ఉంది. కాళహస్తిలో బట్టల్ని ఏటిలో పారే నీళ్ళలో ఉతికేది అందుకేనట. ఇక్కడ ఏరుకి బదులు ఆవిడ వానని వాడుకుంది.

“రాత్రికి రాత్రి ఎవరు వచ్చి దిద్దారు?” అని అడిగాడు వాల్టర్.

“వాన,” అంది ఆవిడ. ఆ తర్వాత విగ్రహం మాట ఎవరూ ఎత్తలేదు.

వసంతంలో పార్కు తెరిచిన రోజు పన్నెండు బట్టలూ వాగు వెంట ఊగుతున్నాయి. మొదటి బట్టలో ఈ నేల తొలి జనం తమ గుడారాల ముందు నిలబడి, చెప్పకుండా ఇంట్లోకి వచ్చేవాళ్ళని చూస్తున్నట్టు చూస్తున్నారు. తర్వాతవాటిలో మెక్సికన్ గుర్రపు పనివాళ్ళు, బావి తవ్వేవాళ్ళు, బట్టలుతికే ఆడవాళ్ళు, వంటమనిషి. పన్నెండో బట్టలో మాత్రం మనుషుల్లేరు, ఖాళీ దారి ఒక్కటే. “ఇంకా నడస్తానే ఉండారు గదా జనం. అప్పుడే ముగించేదెట్ల?” అంది నేనడిగితే. ఆ రోజు ఆవిడని ఎక్కువగా చుట్టుముట్టింది విమర్శకులూ పత్రికలవాళ్ళూ కాదు. ఒకప్పుడు ఆవిడ బస్సెక్కిన పిల్లలు, ఇప్పుడు పెద్దవాళ్ళు. “బస్ ఆంటీ! గుర్తు ఉన్నానా? నేను మీ బస్ రైడ్ చేసేదాన్ని!” అని ఒక అమ్మాయి అరిచింది. ఆవిడ ఒక్కసారి చూసి, “స్టాప్ తొమ్మిది. రోజూ షూ లేసులు ఊడి ఉండేటివి,” అంది. ఆ అమ్మాయి వంగి తన బూట్లు చూసుకుంది.

అప్పుడే డెలోరెస్ అనే నల్లజాతి పెద్దావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. వంటమనిషి బట్ట ముందు చాలాసేపు నిలబడింది. తన ముత్తాత ఇదే దారిలో మందల వెంట వంటచేస్తూ పోయాడని, ఇంట్లో ఆయన ఫొటో కూడా లేదని, పేరొక్కటే మిగిలిందని చెప్పింది. “ఐజయా,” అంది. నాగమణి గారు కింది ఖాళీ పట్టీ చూపించింది. కాళహస్తి బట్టల్లో ఆ పట్టీలో కథ రాస్తారు. ఈవిడ దానికి మళ్ళీ కరక్కాయ పాలు పట్టించి, పేర్ల కోసం ఖాళీగా ఉంచింది. అప్పటిదాకా పన్నెండు బట్టల మీదా ఒక్క పేరూ లేదు.

రంగు సీసా, కలం ఆవిడ సంచిలో ఎప్పుడూ ఉంటాయి. తీసి, ముంచి, నా చేతికిచ్చింది. “నువ్వు రాయి.”

“ఆంటీ, ఇంతమంది ముందు నేనా? మీరు రాయండి.”

“పాలు కలిపింది ఎవరు? రాయి మే.”

ఆరు అక్షరాలు ఇంగ్లిష్‌లో రాశాను, వాగు గాలికి బట్ట కదలకుండా వాల్టర్ అంచు పట్టుకుని ఉంటే. ముందు టీ రంగు, తర్వాత బూడిద, తర్వాత నలుపు. పేరు నల్లబడుతుంటే డెలోరెస్ ఒక్కో అక్షరం పైకి చదివింది. నాగమణి గారు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనలేదంటే పని బాగుందని అర్థం.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు ఇద్దరం కలిసి పనిచేశాం. ఆరుబయట గుడ్డ ఎంత నిలిచినా గుడ్డే కదా, ఏటా రెండు మూడు చివికిపోతాయి. వాటిని మళ్ళీ గీయాలి, పేర్లు మళ్ళీ రాయాలి. ఈలోగా కొత్త పేర్లు వస్తాయి. నాకు పని పర్మిట్ వచ్చింది. ఇప్పుడా బట్టల బాధ్యత ఊరివాళ్ళు నాకే అప్పగించారు. శ్రీధర్ సాయంత్రం వచ్చి “ఏం చేశావు ఇవాళ?” అని అడిగితే, భోజనం చల్లారిపోయేదాకా చెబుతాను. బట్టల మీద ఎక్కడా తన పేరు వెయ్యనివ్వలేదు ఆవిడ. నేనెన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు. “ఆ పట్టీ నడిచినోళ్ళది మే. నేను గీసినానంతే, నడిచినానా?” రెండేళ్ళ క్రితం ఒక ఆగస్టు ఉదయం ఆవిడ వెళ్ళిపోయింది. ఆ వారం పార్కుకి వచ్చిన స్టాపుల పిల్లలందరినీ నేను గుర్తుపట్టలేకపోయాను, ఆవిడైతే గుర్తుపట్టేది.

అప్పుడు మరకైపోయిన మొదటి వంటమనిషి బట్ట మా గరాజ్ గోడకి ఉంది. పడేద్దామని శ్రీధర్ ఒకసారి అని, నా ముఖం చూసి ఊరుకున్నాడు. పొద్దున పని మొదలుపెట్టే ముందు దాని వైపు చూస్తాను. డబ్బా మీద అక్షరాలు చదవమని అది నాకు గుర్తు చేస్తుంది.

ఈ ఏడాది చివికింది పన్నెండో బట్ట, ఖాళీ దారి. కొత్తది నిన్ననే గీయడం పూర్తిచేశాను. దారి అలాగే ఉంచాను. దాని మధ్యలో, దేవుడుండే చోట, దానిమ్మ తొక్కల పసుపుతో ఒక పెద్ద స్కూలు బస్సు పెట్టాను. అద్దాలన్నీ దించి ఉన్నాయి, కిటికీల నిండా పెద్ద కళ్ళ పిల్లలున్నారు, ఒకడి షూ లేసు ఊడి వేలాడుతోంది. స్టీరింగ్ వెనక ఒక పొట్టి ఆవిడ. కింది పట్టీ కోసమే ఈ ఉదయం రంగు పరీక్ష చేసింది. మీగడ కలిపిన పాలే, వేలు ముంచి పైకెత్తి చూసి మరీ పోశాను.

ఇరవై రెండేళ్ళు, పొద్దున మాపున, అదే దారి. ఇది నడక కాదంటే నేనొప్పుకోను ఆంటీ. కలం ముంచి, ముందు తెలుగులో, కింద ఇంగ్లిష్‌లో రాశాను: నాగమణి, బస్సు డ్రైవరు. ఊపిరి బిగపట్టి చూశాను. గీసినచోటే నల్లగా నిలబడింది.